‘ఈస్ట్‌తో పులియబెట్టి తీసిన’ అనవచ్చా?

ప్రశ్న: ఒక పోషకాహార పొడి డబ్బా మీదికి తెలుగు రాస్తున్నాను. ‘పాల ప్రోటీన్‌ను ఈస్ట్‌తో పులియబెట్టి తీసిన, రోగనిరోధక శక్తిని పెంచే పెప్టైడ్‌లు’. సరిపోతుందా?

జవాబు: ‘పులియబెట్టి’ ఉండనివ్వండి. పెరుగు పులుపు బ్యాక్టీరియా చేసే లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుంది, ఈస్ట్ వదిలేది ఆల్కహాలూ గ్యాసూ కదా అని ఎవరో ఒకరు లేస్తారు. లేవనీయండి. దోసెల పిండి పులిసిందంటే పొంగిందని కూడా అర్థమే. పాఠ్యపుస్తకాల ‘కిణ్వనం’ తప్పేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కిణ్వం అంటే సుర కాచడానికి మినుములు, బియ్యం వగైరా కలిపి చేసుకునే, పులియడానికి వేసే ముద్ద. ఆ లెక్కన ఈస్ట్‌కు దగ్గరి మాటే. కానీ డబ్బా కొనేవాళ్లకు అది పదో తరగతి పరీక్షతోనే పోయింది.

నాకు అడ్డు తగిలింది ‘తీసిన’. మజ్జిగలోంచి వెన్న తీసినట్టు పెప్టైడ్‌లు పాలలో ముందే తయారుగా ఉన్నాయనిపిస్తుంది. పాల ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్. అదొక పొడవాటి అమైనో ఆమ్లాల గొలుసు. సూక్ష్మజీవుల ఎంజైమ్‌లు దాన్ని తెంపితేనే పెప్టైడ్‌లనే ఆ తునకలు పుడతాయి.

ఇక ‘పెంచే’. జపాన్‌లో కాల్పిస్ అనే పుల్లటి పాల పానీయం ఉంది, దాని పాలను బ్యాక్టీరియా, ఈస్ట్ కలిసి పులియబెడతాయి. 1995లో అలాంటి పాలలో మూడేసి అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లు రెండు దొరికాయి. వాటితో చూసింది రక్తపోటు సంగతి, ఇమ్యూనిటీ కాదు. కేసీన్ తునకలు, ఒంట్లో క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలను చురుకు చేస్తాయని 1980లలోనే చూపారు గానీ, అది ప్రయోగశాలలో, ఎలుకల మీద. ‘పెంచే’ అని రాస్తే చేతిలో చెయ్యేసి హామీ ఇచ్చినట్టే. ‘తోడ్పడే’ అనండి.

మరొకరు: పాలకు తోడు, ఒంటికి తోడ్పాటు. బాగానే కుదిరిందండీ! అన్నట్టు, బ్రెడ్డు ఈస్ట్ పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, తినలేదు. కెఫిర్ అనే పులిసిన పాలలో ఉండే క్లూవెరోమైసెస్ అనే ఈస్ట్ తింటుంది. ఏ ఈస్టో కంపెనీవాళ్లను అడిగారా?

ప్రశ్న అడిగినవారు: అడుగుతానండీ. ‘తునకలు’ అంటే వాళ్లు ఒప్పుకోరు, మటన్ గుర్తొస్తుందట. ‘ఈస్ట్‌తో పులియబెట్టి, పాల ప్రోటీన్‌ను చిన్న పెప్టైడ్‌లుగా విడగొట్టినది, రోగనిరోధక వ్యవస్థకు తోడ్పడేందుకు’ అని పంపుతున్నాను. డబ్బా మీద రెండు లైన్లలో పడితే చాలు.