“గివ్ అజ్ ద వోట్” తెలుగులో ఎలా?

నమస్కారమండీ. అమ్మ కోసం ‘సెల్మా’ (2014) సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. అమెరికాలో నల్లజాతివాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ చర్చిలో “గివ్ అజ్ ద వోట్” అని జనం చేత అనిపించే చోట “మాకు ఓటివ్వండి” అని పెట్టాను. అమ్మ చదివి, “ఈయన ఎలక్షన్లో నిలబడ్డాడా?” అంది. ఏం రాయాలి?

— మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. ‘ఓటివ్వండి’ అంటే మనకి చేతులు జోడించుకుని గుమ్మంలోకొచ్చిన అభ్యర్థే గుర్తొస్తాడు. పోనీ “ఓటు హక్కు కల్పించండి” అందామా, కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీలా ఉంటుంది. కింగ్‌గా వేసిన డేవిడ్ ఒయెలోవో గొంతులో అర్జీ లేదండీ. ఇంట్లో భార్య కొరెట్టాతో, జైల్లో తోటి ఉద్యమకారుడితో మాట్లాడేటప్పుడు ఆ గొంతు అలసిపోయి కిందికి దిగి ఉంటుంది. వేదికెక్కాక మెట్టు మెట్టుగా లేస్తుంది. కింగ్ అసలు ప్రసంగాల హక్కులు వేరే స్టూడియో దగ్గరుండటంతో దర్శకురాలు ఆవా డువెర్నే మాటలు కొత్తగా రాయాల్సి వచ్చింది. జనానికి కంఠతా వచ్చిన వాక్యాలు లేకుండానే తను కింగే అని నమ్మించాడు ఒయెలోవో. నాకు ఆ నటనలో గొప్పంతా అక్కడే కనిపిస్తుంది.

అందుకని ‘ఇవ్వండి’ తీసేసి ‘ఇవ్వాలి’ పెట్టండి. “మా ఓటు మాకివ్వాలి!” ‘మా’ రెండుసార్లు పడితే, లాక్కున్నది తిరిగిమ్మంటున్నారని తెలిసిపోతుంది.

— బాగుందండీ. కానీ ఎదురుగా ఉన్నది ఆయన మనుషులే కదా. ‘మన ఓటు మనకివ్వాలి’ అనొద్దా?

— ఇంగ్లీషు ‘అజ్’కి ఈ చిక్కు లేదు, మనకుంది. ప్రసంగమంతా ‘మన’ అనే రాయండి, అది జనంతో చెప్పే మాట. నినాదం మాత్రం వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ జాన్సన్‌కి వినపడాలి. అక్కడ ‘మా’కి మారండి.

ఇంకొకటి. సినిమా మొదట్లో ఆనీ లీ కూపర్ అనే నల్లజాతి ఆవిడ (ఓప్రా విన్‌ఫ్రీ వేసింది) ఓటరుగా నమోదు కావడానికి వెళ్తుంది. అలబామా రాష్ట్రంలో కౌంటీ (జిల్లా లాంటిది) జడ్జిలు ఎంతమందని తెల్ల గుమాస్తా అడిగితే 67 అని చెబుతుంది. అయితే వాళ్ళ పేర్లు చెప్పమంటాడు. దరఖాస్తు కొట్టేస్తాడు. ఆ సీన్లో ఆవిడ చేత ‘మీరు’ అనిపించండి, వాడి చేత ‘నువ్వు’ అనిపించండి. ఆ ‘నువ్వు’ చదివాక, ‘మా ఓటు మాకివ్వాలి’ ఎవరి మాటో అమ్మగారికి వేరే చెప్పక్కర్లేదు.