విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని కొత్త విద్యార్థి ఎలా వాడుకోవాలి?

ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. పరిశోధనతో కూడిన మాస్టర్స్ కోర్సులో చేరడానికి ఈ మధ్యనే ఈ దేశానికి వచ్చాను. పాఠ్యపుస్తకాల ధరలు చూస్తే భయమేస్తోంది. నాకు కావలసిన పరిశోధన పత్రాలు చాలావరకు డబ్బు కడితేగాని తెరుచుకోవడం లేదు. కూర్చుని చదువుకోవడానికి తప్ప విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంకెందుకైనా పనికొస్తుందా? అక్కడివారిని ఏమని అడగాలో కూడా తెలియడం లేదు. దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:

నమస్కారమండీ. గ్రంథాలయంలో అడిగి చూడకుండా ఏ పుస్తకానికీ, ఏ పత్రానికీ సొంత డబ్బు పెట్టకండి. ప్రచురణకర్తల వెబ్‌సైట్ మిమ్మల్ని డబ్బు అడుగుతోందంటే, చాలాసార్లు మీరు ఫలానా విశ్వవిద్యాలయ విద్యార్థి అన్న సంగతి దానికి తెలియకపోవడమే కారణం. క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉంటే అది దానంతటదే గుర్తిస్తుంది. ఇంటి నుంచి చదివేటప్పుడు మాత్రం గ్రంథాలయ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి, అక్కడి లింకు ద్వారా వెళ్లాలి. పరిశోధన పత్రాలను వెతికే గూగుల్ స్కాలర్ సెట్టింగుల్లో ‘లైబ్రరీ లింక్స్’ అనే చోట మీ విశ్వవిద్యాలయం పేరు చేర్చుకుంటే, గ్రంథాలయం చందా కట్టిన పత్రాల పక్కన వాటిని తెరిచే లింకు కనిపిస్తుంది.

చందా లేని పత్రం అయినా నిరాశపడనక్కర లేదు. ఇంటర్‌లైబ్రరీ లోన్ అనే ఏర్పాటు కింద మీ గ్రంథాలయమే మరో గ్రంథాలయాన్ని అడిగి, పుస్తకమైతే అరువు తెప్పిస్తుంది, వ్యాసమైతే స్కాన్ ప్రతి తెప్పిస్తుంది. చాలా చోట్ల విద్యార్థికి ఇది ఉచితం. పాఠ్యపుస్తకాల సంగతికి వస్తే, అధ్యాపకులు చెప్పినవాటిని ‘కోర్స్ రిజర్వ్స్’ పేరిట విడిగా ఉంచి కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో ఇస్తారు. పరీక్షల ముందు వీటికి గిరాకీ ఎక్కువ కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే చూసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక్కొక్క శాఖకు ఒక సబ్జెక్ట్ లైబ్రేరియన్ ఉంటారు. మన విద్యార్థులు చాలామంది డిగ్రీ పూర్తయ్యే వరకూ ఆ వ్యక్తిని ఒక్కసారి కూడా కలవరు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే పరిశోధనకు కావలసిన సమాచారాన్ని ఎలా వెతకాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడం వారి ఉద్యోగంలో భాగం. ఉదాహరణకు నిద్రలేమికీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం మీ అంశం అనుకోండి. మీరు ఆ వాక్యాన్నంతా వెతికే పెట్టెలో టైపు చేస్తారు. వారు దాన్ని రెండు భావనలుగా విడగొడతారు, ఒక్కొక్క దానికి సమానార్థకాలు రాయించి వాటి మధ్య ‘ఆర్’ (ఏదో ఒకటి ఉన్నా చాలు), రెండు గుంపుల మధ్య ‘యాండ్’ (రెండూ ఉండాలి) పెట్టిస్తారు. ఆపైన వైద్య పరిశోధన పత్రాలను వెతికే పబ్‌మెడ్‌లో ‘మెష్’ అనే ప్రామాణిక పదసూచి తెరిచి, రచయితలు ఏ మాట వాడినా ఒకే శీర్షిక కింద దొరికేలా ‘స్లీప్ డిప్రివేషన్’ అనే పదాన్ని ఎంచుకోవడం చూపిస్తారు. అంతవరకూ కనబడని పత్రాలు అప్పుడు బయటపడతాయి. ఏమని అడగాలా అని సంకోచించకండి, “నా అంశం ఇది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు” అని ఈమెయిల్ రాస్తే చాలు.

సేకరించిన పత్రాలను మొదటి రోజు నుంచే జొటేరోలో దాచుకోండి. 2006లో విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉల్లేఖనాలనూ ఆధార గ్రంథాల జాబితానూ మీకు కావలసిన శైలిలో తయారుచేస్తుంది. దాన్ని నేర్పే వర్క్‌షాపులను చాలా గ్రంథాలయాలు నిర్వహిస్తాయి. బృందంతో చదువుకోవడానికి గదులు, అరువుకు ల్యాప్‌టాప్‌లు, స్కానర్లు కూడా చాలా చోట్ల ఉంటాయి.

ఒక హెచ్చరిక. ఒక పత్రిక సంచికలన్నిటినీ ప్రోగ్రాం రాసి ఒక్కసారిగా దించుకోకండి. లైసెన్సు ఒప్పందాలు సాధారణంగా దీన్ని నిషేధిస్తాయి, పైగా ప్రచురణకర్త అనుమానించి మొత్తం క్యాంపస్‌కే ఆ పత్రికను ఆపివేసే అవకాశం ఉంది. డేటా విశ్లేషణకు పెద్ద సంఖ్యలో పత్రాల పాఠ్యం కావాలంటే ముందుగా లైబ్రేరియన్‌ను సంప్రదించండి, అందుకు సక్రమమైన దారులు ఉంటాయి.

రెండవ జవాబు:

పై మిత్రులు చెప్పినదానికి పరిశోధక విద్యార్థిగా కొంత చేరుస్తాను. మీ పత్రం ప్రచురణకు సిద్ధమయ్యే నాటికి గ్రంథాలయం అవసరం ఇంకా పెరుగుతుంది. కొన్ని పత్రికల్లో వ్యాసాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలంటే రచయిత పెద్ద రుసుము చెల్లించాలి. మీ విశ్వవిద్యాలయానికి ఆ ప్రచురణకర్తతో ఒప్పందం ఉంటే అది పూర్తిగానో కొంతవరకో తప్పవచ్చు, కనుక పత్రాన్ని పంపకముందే కనుక్కోండి. ఒక్కొక్క పరిశోధకుడికి విడిగా ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ (ORCID) గుర్తింపు సంఖ్యను కూడా ఇప్పుడే తీసుకోండి. ఇంటిపేరు ముందు రాసే మనవాళ్ల పేర్లు ఒక్కో పత్రికలో ఒక్కో రకంగా అచ్చవుతుంటాయి, ఆ సంఖ్య ఉంటే మీ రచనలన్నీ ఒకే వ్యక్తివని తెలుస్తుంది.

తెలుగు పుస్తకాలు కావాలంటే, పుస్తకాలను విషయాన్ని బట్టి సంఖ్యలతో అమర్చే డ్యూయీ వర్గీకరణ పాటించే గ్రంథాలయాల్లో 894.827 సంఖ్య దగ్గర తెలుగు సాహిత్యం ఉంటుంది. క్యాటలాగులో పేరును తెలుగు లిపిలోనూ రోమన్ లిపిలోనూ వెతకండి, చాలా చోట్ల రోమన్ లిపిలో మాత్రమే నమోదు చేసి ఉంటారు. మీ దగ్గర లేనిది, అనేక దేశాల గ్రంథాలయాల ఉమ్మడి జాబితా అయిన వరల్డ్‌క్యాట్‌లో కనిపిస్తే ఇంటర్‌లైబ్రరీ లోన్‌కు పెట్టుకోవచ్చు.

చదువు ముగిశాక మీ లాగిన్ ఎంతకాలం పనిచేస్తుందో కూడా ముందే అడిగి పెట్టుకోండి. చాలా సంస్థలు పట్టా తరువాత కొద్దికాలానికే దాన్ని మూసివేస్తాయి. జొటేరో ఖాతాకు విశ్వవిద్యాలయ ఈమెయిల్ ఇచ్చి ఉంటే, ఆలోగా సొంత ఈమెయిల్‌కు మార్చుకోవాలి.