తాటిచెట్టు మీద నుంచి పడ్డ మా బాబాయికి టీ12 ఫ్రాక్చర్: ఆపరేషనా, బ్రేసా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ దగ్గర పల్లె, బాబాయి కల్లు గీస్తాడు. పోయిన వారం మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. మడమ ఎముక విరిగింది, సీటీ తీస్తే వెన్నులో టీ12 (ఛాతీ భాగంలో చివరి వెన్నుపూస) బరస్ట్ ఫ్రాక్చర్ కూడా కనిపించింది, అంటే ఆ పూస నలిగి ముక్కలైంది, ఎముక ముక్క కొంచెం వెన్నుపాము వైపు జరిగిందట.

కాళ్లు కదులుతున్నాయి, స్పర్శ ఉంది, మూత్రం మామూలుగానే వస్తోంది, అదొక్కటే ధైర్యం. ఒక డాక్టరేమో స్క్రూలు, రాడ్లు వేయాల్సిందే అంటున్నారు, ఇంకొకాయన నరాలు బాగున్నాయి కాబట్టి బ్రేస్ (వెన్ను కదలకుండా బయట నుంచి బిగించే పట్టీ) వేసి మూడు నెలలు చూద్దాం అంటున్నారు, ఇద్దరి మాటా సబబుగానే అనిపించి టెన్షన్ ఇంకా పెరిగింది. వెన్నుపూసల్ని వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్లు తెగాయో లేదో తెలియాలంటే ఎమ్మారై కావాలి కదా, అదింకా తీయలేదు. అది చూడకుండా తేల్చేయడం నాకైతే నచ్చట్లేదు.

ఇలాంటి దెబ్బ బ్రేస్‌తోనే నయమైనవాళ్లు ఉన్నారా? తర్వాత వీపు గూనిలా వంగిందా? హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి ఓపీలో స్కాన్ సీడీ చూపించి సెకండ్ ఒపీనియన్ అడగొచ్చా, లేక మనిషినే తీసుకెళ్లాలా? కదిలించాలంటేనే భయంగా ఉంది. ఆయనేమో పండుగ తర్వాత మళ్లీ చెట్టెక్కుతా అంటున్నాడు!