మొదటి ప్యాచ్‌గా చెక్‌ప్యాచ్ క్లీనప్: నేర్చుకోవడమా, మెయింటెయినర్ల నెత్తిన బరువా?

రూట్_రాజమండ్రి

లినక్స్ కెర్నెల్‌కి కోడ్ మార్పు (ప్యాచ్) పంపాలనుకునే కొత్తవాళ్లకి ఎక్కడ చూసినా ఒకటే సలహా. డ్రైవర్స్‌లో స్టేజింగ్ (ఇంకా పూర్తిగా తయారుకాని డ్రైవర్లుండే) ఫోల్డర్ తెరువు, కోడ్ రాసే తీరులో లోపాలు చూపే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడుపు, అది చూపించిన వార్నింగుల్లో ఒకటి సరిచేసి పంపెయ్. ఈ సలహా ఇవ్వడం ఇక ఆపాలన్నది నా వాదన. తప్పుంటే దులిపేయండి.

ఖాళీలు, బ్రాకెట్లు సర్దిన ప్యాచ్ వల్ల యూజర్‌కి ఒరిగేదేమీ లేదు. కానీ ఆ లైన్ల చరిత్ర మారిపోతుంది. ఏ లైన్‌ని చివరగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ కొడితే బగ్ తెచ్చిన కమిట్ (నమోదైన మార్పు) బదులు ట్యాబులు సర్దిన కమిట్ ఎదురొస్తుంది. బ్యాక్‌పోర్ట్ బాధ ఇంకా పెద్దది. మెయిన్‌లైన్‌లో (లినక్స్ కర్త లైనస్ నడిపే ముఖ్య కోడ్‌లో) పడ్డ సెక్యూరిటీ ఫిక్స్‌ని 5.10, 5.15 లాంటి స్టేబుల్ (ఫిక్స్‌లు మాత్రమే తీసుకునే పాత వెర్షన్ల) బ్రాంచ్‌లకి తీసుకెళ్లాలంటే చుట్టుపక్కల లైన్లు కలవాలి. మధ్యలో ఎవరో వాటిని విరిచి ఉంటే ప్యాచ్ అతకదు. వైట్‌స్పేస్ సర్దుబాట్లని వాటి కోసమే స్టేబుల్‌లోకి తీసుకోరని అక్కడి రూల్స్‌లోనే ఉంది. అంటే మెయింటెయినర్లలో (ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లలో) ఎవరో ఒకరు కూర్చుని చేత్తో అతికించాలి.

ఇంకో సంగతి. రియల్‌టెక్ వైఫై డ్రైవర్ ఆర్8188ఈయూ 2021లో 5.15తో స్టేజింగ్‌లోకి వచ్చింది. దాని మీద వందల క్లీనప్ ప్యాచ్‌లు పడ్డాయి. ఈలోగా అదే చిప్‌కి స్టేజింగ్ బయటున్న ఆర్‌టీఎల్8ఎక్స్ఎక్స్ఎక్స్‌యూ డ్రైవర్‌లో సపోర్ట్ వచ్చేసింది. 2023లో 6.3 వచ్చేసరికి మొదటిదాన్ని ఫోల్డర్‌తో సహా తీసేశారు. ఆ సర్దుడంతా బూడిదలో పోసిన పన్నీరే కదా?

నెల్లూరు_నల్

రాజమండ్రి గారూ, కోడ్ విలువ ఒక్కటే లెక్కేస్తే మీ మాట నిజం. కానీ మొదటి ప్యాచ్‌తో నేర్చుకునేది సీ భాష కాదండీ, పంపే పద్ధతి. అందులో కాలు జారే చోట్లు ఎన్నో చూడండి.

మొదటిది ట్రీ, అంటే ఏ కోడ్ కాపీ మీద పని చేస్తున్నామన్నది. లైనస్ ట్రీ మీద మార్పు చేసి స్టేజింగ్‌కి పంపితే చాలాసార్లు అతకదు, అప్పటికే స్టేజింగ్-టెస్టింగ్ బ్రాంచ్‌లో ఆ ఫైల్ మారిపోయి ఉంటుంది. ఆ బ్రాంచ్ మీదే పని చేయాలి.

రెండోది కంపైల్. కాన్ఫిగ్‌లో (ఏవి కంపైల్ కావాలో చెప్పే ఫైల్లో) ఆ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా ఆన్ చేయకుండా మేక్ (కంపైల్ చేసే కమాండ్) కొడితే ఎర్రర్ లేకుండా ముగుస్తుంది, ఎందుకంటే ఆ ఫైల్‌ని కంపైలర్ అసలు ముట్టుకోనే లేదు. స్టేజింగ్‌లోని వైఫై డ్రైవర్ ఆర్‌టీఎల్8723బీఎస్‌నే తీసుకోండి. స్టేజింగ్, వైర్‌లెస్ ల్యాన్, ఎంఎంసీ (మెమరీ కార్డ్ ఇంటర్‌ఫేస్) ఆన్‌లో లేకపోతే మెనూలో ఆ పేరే కనబడదు. కంపైల్ అయ్యాక మీరు ముట్టుకున్న సీ ఫైల్‌కి డాట్ ఓ ఫైల్ (కంపైల్ అయిన రూపం) కొత్తగా పుట్టిందో లేదో చూడాలి. పుట్టకపోతే మీరు టెస్ట్ చేసింది శూన్యం.

మూడోది మెయిల్. జీమెయిల్ వెబ్ పేజీలో డిఫ్ (మారిన లైన్ల జాబితా) పేస్ట్ చేస్తే ట్యాబులు స్పేసులైపోతాయి, పొడుగు లైన్లు విరుగుతాయి. హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని కెర్నెల్ లిస్టులు గుమ్మంలోనే ఆపేస్తాయి. గిట్ సెండ్-ఈమెయిల్ పెట్టుకోవాలి. జీమెయిల్ అయితే టూ-స్టెప్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, పోర్ట్ 587. ముందు మీకు మీరే పంపుకుని, వచ్చిన మెయిల్‌ని సేవ్ చేసి, వేరే బ్రాంచ్‌లో గిట్ ఏఎం (మెయిల్‌లోని ప్యాచ్‌ని అతికించే కమాండ్) కొట్టి చూడండి. అతికితేనే లోకానికి పంపండి.

మనవాళ్లకి పేరు దగ్గరా ఒక చిక్కుంది. కాలేజీ రికార్డులో ఇంటిపేరు ముందు, జీమెయిల్‌లో వెనక, గిట్ కాన్ఫిగ్‌లో ఇనీషియల్ ఒక్కటే. ఫ్రమ్ లైన్‌కీ సైన్డ్-ఆఫ్-బై (ప్యాచ్ కింద పెట్టే సంతకం) లైన్‌కీ తేడా వస్తే చెక్‌ప్యాచే గోల పెడుతుంది. ఏదో ఒక రూపం ఎంచుకుని అన్ని చోట్లా అదే ఉంచాలి.

ఇన్ని తప్పులూ ఒక మెమరీ లీక్ ఫిక్స్ మీద చేస్తే పద్ధతి తప్పా, లాజిక్ తప్పా అని రివ్యూ చేసేవాళ్లు రెండు రకాల తప్పులతో కుస్తీ పట్టాలి. ఒక లైన్ సర్దిన ప్యాచ్ మీద చేస్తే తేలిగ్గా తేలిపోతుంది. రిహార్సల్‌కి చిన్న పద్యం చాలు, పడకసీను అక్కర్లేదు.

ట్యాబ్8

అసలు గొడవ ఇక్కడ లేదు. రెజ్యూమేలో "లినక్స్ కెర్నెల్ కంట్రిబ్యూటర్" అని రాసుకోడానికి ఒక స్పేస్ తీసేసి పంపి, మళ్లీ కనబడనివాళ్ల దగ్గర ఉంది. ప్లేస్‌మెంట్ సీజన్‌కి ముందు వాన వెలిశాక ఉసిళ్లలా వస్తారు.

ఓరుగల్లు_ఊప్స్

ఇద్దరూ "కెర్నెల్" అంతా ఒకే ఊరన్నట్టు మాట్లాడుతున్నారు. పేటకో పద్ధతి.

స్టేజింగ్ పుట్టిందే సగం ఉడికిన డ్రైవర్లని ఉడికించడానికి. అక్కడి డ్రైవర్లకి టూడూ (చేయాల్సిన పనుల) ఫైల్ ఉంటుంది, చెక్‌ప్యాచ్ వార్నింగులు తీసేయడం అందులో మామూలుగా ఉండే పనే. నెట్‌వర్కింగ్ వైపు వెళ్తే కథ తిరగబడుతుంది. వేరే పనితో సంబంధం లేని ఉత్త క్లీనప్‌లు వద్దని నెట్‌డెవ్ (నెట్‌వర్కింగ్ కోడ్ మెయిలింగ్ లిస్ట్) గైడ్ తేటతెల్లంగా చెప్తుంది. స్పెల్లింగ్, గ్రామర్ దిద్దుబాట్లకి మాత్రం అభ్యంతరం లేదంటుంది. అక్కడింకా కొన్ని నియమాలున్నాయి: ఒక సిరీస్‌లో 15 ప్యాచ్‌లు దాటకూడదు, 24 గంటల లోపు మళ్లీ కొత్త వెర్షన్ పంపకూడదు, మెర్జ్ విండో (కొత్త కోడ్‌ని లైనస్ తీసుకునే సమయం) రెండు వారాలూ నెట్-నెక్స్ట్ (కొత్త నెట్‌వర్కింగ్ పనుల ట్రీ) తలుపులు మూసి ఉంటాయి. స్టేజింగ్‌లో అలవాటైన చేత్తో ఇక్కడా అలాగే పంపితే మొహం మీదే తలుపు పడుతుంది.

నా అభ్యంతరం వేరే. చెక్‌ప్యాచ్ చెప్పేవన్నీ "సర్దుడు" కాదు. కొన్ని కోడ్ నడకనే మారుస్తాయి, కొత్తవాళ్లకి ఆ తేడా తెలియదు. ఉదాహరణకి యూడిలే 20 (20 మైక్రోసెకన్లు ఆగు) అని ఉన్న చోట "యూస్లీప్-రేంజ్ మేలు" అంటుంది. యూడిలే సీపీయూని అక్కడే తిప్పుతుంది, యూస్లీప్-రేంజ్ టాస్క్‌ని నిద్రపుచ్చుతుంది. ఆ ఫంక్షన్‌ని ఎవరో రెండంచెల పైన స్పిన్‌లాక్ (ఇంకొకరు రాకుండా వేసే తాళం) పట్టుకుని పిలుస్తుంటేనో, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి (హార్డ్‌వేర్ పిలిస్తే వెంటనే నడిచే కోడ్‌లోంచి) పిలుస్తుంటేనో, నిద్రపోవడం నిషిద్ధం. "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని లాగ్‌లో పడుతుంది. డీబగ్ ఆప్షన్లు ఆన్‌లో లేని కెర్నెల్లో అదీ పడకపోవచ్చు, ఏ రాత్రివేళో మెషీన్ బిగుసుకుపోతుంది. డిఫ్‌లో కనిపించే మూడు లైన్లలో ఆ స్పిన్‌లాక్ ఉండదు. పిలిచేవాళ్లందరినీ పైదాకా వెతకాలి.

స్ట్రింగ్ కాపీ చేసే ఎస్‌టీఆర్‌ఎన్‌కాపీని ఎస్‌టీఆర్‌ఎస్‌కాపీతో మార్చడమూ అంతే. పాతది మిగిలిన బఫర్ మొత్తాన్ని సున్నాలతో నింపుతుంది, కొత్తది నింపదు. ఆ స్ట్రక్చర్ స్టాక్ మీద ఉండి, తర్వాత యూజర్‌స్పేస్‌కి (మామూలు ప్రోగ్రాములకి) కాపీ అయితే, మిగిలిన బైట్లలో పాత కెర్నెల్ డేటా బయటికి పోతుంది. అక్కడ ప్యాడ్ ఉన్న వేరియంట్ వాడాలి. "క్లీనప్" అని పేరు పెట్టి ఇన్ఫర్మేషన్ లీక్ తెచ్చినట్టవుతుంది.

గిట్_గోదావరి

> గిట్ బ్లేమ్ కొడితే ట్యాబులు సర్దిన కమిట్ ఎదురొస్తుంది

డ్యాష్ డబ్ల్యూ ఇస్తే వైట్‌స్పేస్ మార్పులని బ్లేమ్ దాటేస్తుంది. గిట్ 2.23 నుంచి ఫలానా కమిట్లు వదిలెయ్ అని ఫైల్లో రాసి ఇచ్చే వీలూ ఉంది. బ్లేమ్ వాదన బలహీనం. బ్యాక్‌పోర్ట్ వాదన గట్టిది, దాన్ని పట్టుకోండి.

రూట్_రాజమండ్రి

ఖాళీల వరకే డ్యాష్ డబ్ల్యూ. వేరియబుల్ పేరు క్యామెల్‌కేస్ (మధ్యలో పెద్దక్షరాలుండే తీరు) నుంచి మారిస్తే అది కాపాడదు. బ్లేమ్ సంగతి సగం ఒప్పుకుంటున్నాను. ఊప్స్ గారి ఉదాహరణలు నా పక్షాన్నే ఉన్నాయి, థాంక్స్.

ఓరుగల్లు_ఊప్స్

మీ పక్షాన లేవండీ. స్టేజింగ్‌కి పంపొద్దని నేననలేదు. వార్నింగ్ చూసి మార్చేముందు ఆ మార్పుతో మెషీన్ కోడ్ మారుతుందా అని చూడమంటున్నాను. మార్పుకి ముందు ఆబ్జెక్ట్ ఫైల్, తర్వాతి ఆబ్జెక్ట్ ఫైల్ ఆబ్జ్‌డంప్‌తో (మెషీన్ కోడ్ చూపే టూల్‌తో) తీసి డిఫ్ కొడితే తెలిసిపోతుంది. ఉత్త సర్దుడైతే తేడా రాకూడదు, లైన్ నంబర్లు ఇరికించే మాక్రోలు ఉంటే తప్ప. తేడా వచ్చిందంటే అది క్లీనప్ కాదు, ప్రవర్తన మార్పు. కమిట్ మెసేజ్‌లో ఎందుకో రాసి తీరాలి, హార్డ్‌వేర్ మీద టెస్ట్ చేశారో లేదో కూడా చెప్పాలి.

సెగ్‌ఫాల్ట్_సీత

వద్దనేవాళ్లు బదులుగా ఏం చేయాలో చెప్పకుండా వద్దంటే ఎలా? నాకు తోచినవి చెప్తాను.

మేక్‌కి డబ్ల్యూ=1 ఇచ్చి ఒక్క డైరెక్టరీ కంపైల్ చేస్తే మామూలుగా దాగి ఉండే వార్నింగులు బయటపడతాయి. సెట్ చేసి వాడని వేరియబుల్ కొన్నిసార్లు చెత్త, కొన్నిసార్లు ఎవరో రిటర్న్ వాల్యూ చూడడం మరిచిపోయారన్న సాక్ష్యం. రెండోదైతే దొరికింది బగ్గే. డాక్యుమెంటేషన్ తయారుచేసే మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్ కొట్టినా వార్నింగులు వస్తాయి, ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ పేరు మారి కామెంట్ మారని చోట్లు అందులో దొరుకుతాయి. దాన్ని సరిగ్గా రాయాలంటే ఫంక్షన్ చదవక తప్పదు, అందుకే నాకిష్టం. కెర్నెల్‌ని చిన్న చిన్న భాగాలుగా పరీక్షించే కేయూనిట్ టెస్టులకి వేరే మెషీన్ అక్కర్లేదు. కేయూనిట్ డాట్ పీవై రన్ అంటే యూజర్-మోడ్ లినక్స్‌లో నడుస్తాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

కెర్నెల్‌లో క్రాష్‌లని తనంతట తానే వెతికే సిజ్‌బాట్ డ్యాష్‌బోర్డ్‌లో రీప్రొడ్యూసర్ (క్రాష్‌ని మళ్లీ తెప్పించే ప్రోగ్రాం) ఉన్న క్రాష్‌లూ ఉంటాయి. ప్యాచ్ పంపి సిజ్ టెస్ట్ అని రాస్తే అదే నడిపి ఫలితం చెప్తుంది.

గిట్_గోదావరి

సిజ్‌బాట్ కొత్తవాళ్లకి చెప్పకండి సీత గారూ. జరిగేదేంటంటే, నల్ (ఎక్కడికీ చూపని) పాయింటర్ క్రాష్ చూస్తారు, ఆ లైన్ ముందు "నల్ అయితే వెనక్కి పో" అని పెడతారు, బాట్ పాస్ అంటుంది. ఆ పాయింటర్ అసలు నల్ ఎందుకయిందో, ఏ రెండు దారులు పోటీ పడ్డాయో ఎవరికీ పట్టదు. క్రాష్ ఆగుతుంది, రేస్ మిగులుతుంది. దీనికంటే బ్రాకెట్ సర్దిన ప్యాచ్ నయం, అది కనీసం అబద్ధం ఆడదు.

సెగ్‌ఫాల్ట్_సీత

ఒప్పుకుంటున్నాను. డబ్ల్యూ=1, డాక్స్ మాత్రం వదలను.

నెల్లూరు_నల్

డబ్ల్యూ=1కీ ఊప్స్ గారి పరీక్షే పెట్టాలి మరి. వాడని వేరియబుల్ తీసేస్తూ దాంతోపాటు రిజిస్టర్ చదివే కాల్‌ని కూడా తీసేసేవాళ్లున్నారు. కొన్ని చిప్‌లలో స్టేటస్ రిజిస్టర్ చదివితేనే ఇంటరప్ట్ క్లియర్ అవుతుంది. వేరియబుల్ తీసెయ్యండి, రీడ్‌ని ఉంచండి.

కొత్తకోడ్ర్

ఇవన్నీ చదివాక భయమేస్తోంది. ఒక ప్యాచ్ రెడీగా ఉంది, ఆర్‌టీఎల్8723బీఎస్‌లో ఒక ఫైల్ మొత్తంలో 11 వార్నింగులు సరిచేశాను: కొన్ని ఖాళీలు, రెండు పొడుగు లైన్లు, ఒక యూడిలే. చెక్‌ప్యాచ్‌కి స్ట్రిక్ట్ (ఇంకా కఠినంగా చూడు అనే) ఆప్షన్ ఇచ్చి కూడా చూశాను, క్లీన్. పంపనా?

ఓరుగల్లు_ఊప్స్

ఆగు తమ్ముడూ. స్టేజింగ్, నెట్ ఫైళ్లకి చెక్‌ప్యాచ్ స్ట్రిక్ట్‌ని తనంతట తానే ఆన్ చేసుకుంటుంది, నువ్వు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. దానికి యూడిలే కనబడిందీ అందుకే.

ఒకే ప్యాచ్‌లో మూడు రకాల పనులున్నాయి, వెనక్కొస్తుంది. ఖాళీలన్నీ ఒక ప్యాచ్. పొడుగు లైన్లు ఇంకోటి, అదీ విరిస్తే చదవడానికి తేలికైతేనే. 2020లో 5.7 సమయంలో చెక్‌ప్యాచ్ వార్నింగ్ హద్దు 80 నుంచి 100 అక్షరాలకి పెరిగింది, కాబట్టి 85 దగ్గర విరవాల్సిన పని లేదు. యూడిలే మాత్రం తీసెయ్. హార్డ్‌వేర్ నీ దగ్గర లేకపోతే దాని జోలికే పోవద్దు.

సబ్జెక్ట్ ముందు ఏం రాయాలో గిట్ లాగ్‌లో ఆ ఫైల్ పాత కమిట్లు చూసి అదే ప్రిఫిక్స్ పెట్టు. ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టుని ప్యాచ్ ఫైల్ మీద నడిపితే చెప్తుంది.

నెల్లూరు_నల్

వీ2 (రెండో వెర్షన్) పంపాల్సి వస్తే ఏం మారిందో మూడు గీతల లైన్ కింద రాయి. పైన రాస్తే అది కమిట్ మెసేజ్‌లో కలిసిపోయి ఎప్పటికీ చరిత్రలో ఉండిపోతుంది. జవాబు రాకపోతే కనీసం వారం ఆగు, మెర్జ్ విండో నడుస్తుంటే అది ముగిసి ఆర్‌సీ1 (కొత్త కెర్నెల్ మొదటి ట్రయల్ వెర్షన్) వచ్చేదాకా ఆగు.

రూట్_రాజమండ్రి

నా వాదన నేను మార్చుకోలేదు, కానీ ఖాళీల ప్యాచ్ అతికేలా పంపు. పంపేముందు డాట్ ఓ ఫైల్ పుట్టిందో లేదో చూశావా?

కొత్తకోడ్ర్

ఇప్పుడే చూశాను. పుట్టలేదు. ఎంఎంసీ ఆఫ్‌లో ఉంది.