ప్రెసిషన్ షూటింగ్‌కి సెమీ ఆటో రైఫిల్ తీసుకోవచ్చా? ఏ క్యాలిబర్ మంచిది? (గుంటూరు, విజయవాడ)

బ్రాడీపేట_గురి:
కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది) అయితే మేలని కొందరంటున్నారు. నిజమేనా? క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) .177 తీసుకోవాలా, .22 తీసుకోవాలా? గుంటూరులో మేడ మీద పది మీటర్ల జాగా ఉంది. ఎయిర్ రైఫిల్‌కి హై ప్రెషర్ గాలి నింపేవాళ్లు మాత్రం దగ్గర్లో లేరు.

కృష్ణలంక_10.9:
సెమీ ఆటో రైఫిల్ మాట మర్చిపోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం అది పరిమిత (రెస్ట్రిక్టెడ్) కేటగిరీ, మామూలు లైసెన్స్ మీద రాదు. పైగా గురికి దానివల్ల ఒరిగేదీ లేదు. .22 సెమీ ఆటోలో తూటా మ్యాగజైన్‌లోంచి లేచి ర్యాంపుకి రాసుకుంటూ ఛాంబర్లోకి (తూటా పేలే గదిలోకి) పోతుంది. సీసం మెత్తన కదా, ముక్కు మీద గీత పడిందంటే గ్రూప్ (వరస షాట్లు పడిన గుంపు) చెదురుతుంది. జామ్ కాకూడదని ఛాంబర్ కూడా కాస్త వదులుగానే కోస్తారు. అందుకే ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చేవే ఉంటాయి. సెమీ ఆటో పని 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి క్యాలిబర్ మనం ఎంచుకునేది కాదండి, నిబంధనే 4.5 మిమీ అంటుంది, అంటే .177. ఎయిర్ గన్ బోరు 4.5 మిమీ, శక్తి 20 జౌళ్లు దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ ఏడెనిమిది జౌళ్ల దగ్గరే ఉంటుంది.

కొండవీడు_వాసి:
గాలి నింపే వసతి లేదంటున్నారు కాబట్టి పీసీపీకి (ముందే సిలిండర్లో నింపిన గాలితో కాల్చే రైఫిల్‌కి) తొందరపడకండి. ప్రతి షాట్‌కీ పక్క లివర్‌తో గాలిని నొక్కే సింగిల్ స్ట్రోక్ రైఫిళ్లు పాతవి దొరుకుతాయి, ఫైన్‌వెర్క్‌బౌ 603 లాంటివి. సిలిండర్ గొడవ ఉండదు. సీళ్లు ఎండిపోయాయో లేదో చూడాలంతే: లివర్ మూసి ఒక నిమిషం ఆగి కాల్చండి, వెంటనే కాల్చిన షాట్‌తో పోల్చండి. ఆగి కాల్చింది స్పష్టంగా కిందకి పడితే సీల్ లీకవుతున్నట్టే.

మామూలు స్ప్రింగ్ గన్‌తో మాత్రం ప్రెసిషన్ నేర్చుకోవడం కష్టం. పెల్లెట్ బ్యారెల్లో ఉండగానే పిస్టన్ ముందుకీ వెనక్కీ తంతుంది. పట్టు ఏమాత్రం మారినా తగిలేచోటు మారిపోతుంది. తప్పు మనదో గన్‌దో తెలియదు.

బెంజిసర్కిల్_పీసీపీ:
కొండవీడు అన్నతో కొంచెం విభేదిస్తాను. అరవై షాట్ల మ్యాచ్‌లో లివర్ కొట్టి కొట్టి చెయ్యి అలసిపోతుంది, పొజిషన్ చెదురుతుంది. మూడు దశల చేతి పంపు కొనుక్కుంటే పీసీపీ నడిపించుకోవచ్చు. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తేమ ఫిల్టర్ లేకుండా నింపకండి. నీరు చేరితే రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచేది) లోపల తుప్పు పడుతుంది, వేగం షాట్ షాట్‌కీ మారుతుంది.

మ్యాచ్ సిలిండర్లు ఎక్కువగా 200 బార్‌వి. నిదానంగా నింపండి. వేడెక్కిన గాలి చల్లారాక ప్రెషర్ మీటర్ ముల్లు కొంచెం దిగుతుంది, అది లీక్ కాదు. మే నెల ఎండలో కార్లో వదలకండి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ నింపవద్దు, లోపలున్న నూనెతో కలిసి పేలుతుంది. సెకండ్ హ్యాండ్ కొంటే సిలిండర్ మీద ముద్రించిన తేదీ ముందు చూడండి. చాలా కంపెనీలు పదేళ్లే వాడమంటాయి.

బ్రాడీపేట_గురి:
మరి పెల్లెట్లు? 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద ఉంటుంది. ఏది తీసుకోవాలి?

కృష్ణలంక_10.9:
అది బ్యారెల్ చెప్పాలండి, మనం కాదు. ఒకే బ్రాండ్‌లో కూడా బ్యాచ్ మారితే ఫలితం మారుతుంది. బల్ల మీద రైఫిల్‌ని కదలకుండా బిగించి, చదును ముక్కున్న 0.53 గ్రాముల పెల్లెట్లు ఒక్కో సైజులో పది షాట్ల గ్రూపులు మూడేసి కాల్చండి. సైజు మార్చినప్పుడల్లా మొదటి ఐదారు షాట్లు లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ కొత్త సీసానికి అలవాటు పడాలి. ఒక్క గ్రూప్ చూసి నిర్ణయించకండి.

ఎంత చిన్న గ్రూప్ కావాలంటే: టార్గెట్ మధ్య పది పాయింట్ల చుక్క 0.5 మిమీ, పెల్లెట్ 4.5. పెల్లెట్ మధ్యబిందువు 2.5 మిమీ లోపల పడితే పది. పదిలోనూ 10.0 నుంచి 10.9 దాకా దశాంశాలుంటాయి, 10.5 రావాలంటే 1.25 లోపల పడాలి. బిగించి కాల్చినప్పుడే మధ్యబిందువుల మధ్య నాలుగు మిమీ పరుచుకునే బ్యాచ్‌తో దశాంశాలు కూడవు. మంచి బ్యాచ్ దొరికితే అదే నంబరు డబ్బాలు ఒకేసారి కొనిపెట్టుకోండి. మూత గట్టిగా పెట్టండి, తేమకి సీసం మీద తెల్ల పొడి పడుతుంది.

కొండవీడు_వాసి:
మేడ మీద అయితే లక్ష్యం మధ్య నేల నుంచి 1.40 మీటర్లు, దాని మీద 1500 లక్స్‌కి తగ్గని వెలుతురు. వెనక ఏటవాలు ఇనుప రేకున్న పెట్టె పెట్టండి. ఉత్త గోడకి కాలిస్తే పెల్లెట్ వెనక్కి వస్తుంది. పక్కింటి మేడ వైపు అసలు వద్దు. కంటికి అద్దాలు తప్పనిసరి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

బెంజిసర్కిల్_పీసీపీ:
ఇంకొకటి. పిల్లల కోసమైతే బరువు చూడండి. 5.5 కిలోలు నిబంధనలో గరిష్ఠ పరిమితి, అంత మోయాలని కాదు. నాలుగు కిలోల జూనియర్ రైఫిల్ నయం. బట్ (భుజానికి ఆనే భాగం) పొడవు, చెంప ఆనే ముక్క ఎత్తు మార్చుకునే వీలుండాలి. తల వంచి సైట్‌ని (గురి చూసే అమరికని) వెతుక్కోవాల్సి వస్తే ఆ రైఫిల్ వాళ్లకి సరిపోలేదు.

కృష్ణలంక_10.9:
.22 ఎల్ఆర్ (గాలితో కాదు, తూటాతో కాల్చేది) సంగతి తర్వాత. దానికి లైసెన్స్ కావాలి, 50 మీటర్ల రేంజ్ కావాలి. అక్కడ పక్కగాలి గంటకి పది కిలోమీటర్లు వీచినా తూటా దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు జరుగుతుంది. పది రావాలంటే మధ్యబిందువు నుంచి ఎనిమిది మిమీ లోపల పడాలి. ముందు .177తో ఒక వెయ్యి షాట్లు నోట్‌బుక్‌లో రాసుకుంటూ కాల్చండి. బ్యాచ్ నంబరు, సైట్ క్లిక్కులు, సిలిండర్ ప్రెషర్, మూడూ రాయండి. ఆ లెక్కలు ఇక్కడ పెడితే తర్వాత ఏం మార్చాలో చూసి చెప్తాం.