సమస్యాపూరణం: “గోడ మీది బొమ్మ గుమ్మ మెక్కె”

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, దానికి అతికేలా పై మూడు పాదాలు మీరు రాయాలి. ఇతివృత్తం ఒక పటం. 1795లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ తన ఇద్దరు కొడుకుల్ని నిలువెత్తున గీశాడు. పెద్దవాడు రఫాయెల్ రంగుల పలక, కుంచెలు పట్టుకుని మెట్లెక్కుతూ మనవైపు తిరిగాడు. చిన్నవాడు టిషియన్ పై నుంచి తొంగి చూస్తున్నాడు. పటం ఎత్తు సుమారు ఏడున్నర అడుగులు. దాన్ని మామూలు చట్రంలో కాకుండా నిజమైన ద్వారబంధంలో బిగించి, కింద నిజమైన కొయ్యమెట్టు పెట్టాడు పీల్. అటుగా వెళ్తున్న జార్జి వాషింగ్టన్ ఆ పిల్లలు నిజమనుకుని తల వంచి పలకరించాడని మరో కొడుకు రెంబ్రాంట్ చాలా కాలం తర్వాత రాశాడు. కల వచ్చిందనో, మాయ జరిగిందనో తప్పించుకోకండి. పటంలో ఉన్నదానితోనే సాధించండి.

తెనాలి సభ్యుడు:

కన్న కొడుకు రూపు గడపతో పాటుగా
చిత్రకారుఁ డొకఁడు చేర్చి గీయ
దేశ నేత నిలిచి తెలియక తల వంచె
గోడ మీది బొమ్మ గుమ్మ మెక్కె

నిర్వాహకుడు: ధార బాగుంది. కానీ మూడో పాదానికీ సమస్యకూ లంకె లేదు. నేత తల వంచేశాడు, వాక్యం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత బొమ్మ గుమ్మమెక్కడం దేనికి? “వంచె” తీసి “వంచ” అనండి. ఆయన వంచగా బొమ్మ గుమ్మమెక్కింది, అంటే ఆయన నమ్మకమే దాన్ని ఎక్కించింది. ఒక్క అక్షరంతో పూరణ నిలబడుతుంది. “నిలిచి” కూడా వద్దు, ఆయన నడుస్తూనే పలకరించాడు. “భ్రమసి” వేయండి, గణం (లఘుగురువుల కూర్పు) మారదు.

వరంగల్ సభ్యురాలు:

మొదటి మెట్టు కొయ్య మిగతావి రంగులు
తెలియనట్లు కలిపి దిద్దెఁ దండ్రి
పెద్ద కొడుకు తిరిగి పిలిచెడు చూపుతో
గోడ మీది బొమ్మ గుమ్మ మెక్కె

తెనాలి సభ్యుడు: భావం నాదానికంటే ఎంతో మేలు. అయితే మొదటి పాదంలో “మొ”కు “మి” యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి) కుదరదు కదా?

నిర్వాహకుడు: కుదరదు. మాటలు అటూ ఇటూ జరిపితే చాలు: “మెట్టు కొయ్య దొకటి మిగతావి రంగులు”. ఇప్పుడు “మె”కు “మి” సరిపోయింది. ఈ పూరణ నాకు ఎందుకు నచ్చిందంటే, చెక్క ఎక్కడ ఆగిందో రంగు ఎక్కడ మొదలైందో కంటికి తెలియకుండా చేయడమే పీల్ పనితనం. మన కాలు పెట్టగలిగే మెట్టు ఒక్కటే, ఆ పైవన్నీ నూనెరంగులే. సమస్యలోని అసంభవాన్ని విప్పే తాళంచెవి అదే. సోదరి దాన్ని పట్టుకున్నారు.

రాజమండ్రి సభ్యుడు: మాస్టారూ, నాది కరుణ రసం. పటం గీసిన మూడేళ్లకు, 1798లో, టిషియన్ యెల్లో ఫీవర్‌తో పోయాడు.

జ్వరము సోకి చిన్నవాఁడు మూఁడేండ్లకే
కన్ను మూసెఁ, దండ్రి కనుల నీరు
నిండి యుండ మసక నెలకొన్న వేళలో
గోడ మీది బొమ్మ గుమ్మ మెక్కె

తెనాలి సభ్యుడు: “జ్వ”కు “వా” యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి కూర్చవచ్చు. కొడుకు కన్ను మూయడం, తండ్రి కనుల నీరు ఒకే పాదంలో పడ్డాయి. చదవగానే గుండె పట్టేసింది.

వరంగల్ సభ్యురాలు: పద్యం చాలా బాగుంది, కానీ ఒక మాట. పటంలో మెట్లెక్కుతున్నది పెద్దవాడు. పోయింది చిన్నవాడు, అతను పైనే ఉన్నాడు. మరి తండ్రి కళ్లకు గుమ్మమెక్కింది ఎవరు?

రాజమండ్రి సభ్యుడు: ఇద్దరూ కలిసి ఒకే బొమ్మ కదమ్మా, అందుకే పేరు చెప్పలేదు.

నిర్వాహకుడు: ఆ సమాధానం చాలదు. మొదటి పాదం చిన్నవాణ్నే చెప్పింది కాబట్టి చదివేవాళ్లు బొమ్మ అంటే అతనే అనుకుంటారు. మూడో పాదంలో “అన్న వెంట” అన్న అర్థం వచ్చేలా తిరగరాయండి. “ని”తో యతి మారుతుంది, చూసుకోండి. రఫాయెల్ కూడా 1825లో, తండ్రి కంటే రెండేళ్ల ముందే పోయాడు. కావాలంటే ఇద్దర్నీ కలిపి ఇంకో పూరణ కూడా పంపండి.