చర్చ: 18 అంతస్తులు కలపతో కట్టొచ్చా?

పునాది: నార్వేలో 2019లో పూర్తయిన కలప భవనం మ్యోస్టోర్నెట్‌ని చూపించి కలప భద్రమే అంటున్నారు. 18 అంతస్తులు సరే, కాలిపోయే సరుకుతో స్తంభాలేంటండీ?

దారువు: పుల్ల కాలినట్టు లావు దూలం కాలదండీ. పైన పట్టిన బొగ్గే లోపలి చెక్కను కాస్తుంది. కలప కట్టడాలకు యూరప్ ప్రమాణమైన యూరోకోడ్ 5 ప్రకారం గ్లూలామ్ (చెక్క పొరలను జిగురుతో అంటించి చేసిన దూలం) నిమిషానికి 0.7 మి.మీ. చొప్పున 90 నిమిషాలకు 63 మి.మీ. కాలుతుంది. వేడికి బలం తగ్గిన పొరకు ఇంకో 7. మంట తగిలే ప్రతి వైపూ 70 తీసేస్తే, 400 మి.మీ. స్తంభంలో 260 మిగులుతుంది. బరువు మోసే లెక్క ఆ 260 మీదే.

పునాది: మొన్న 0.65 అన్నారుగా?

దారువు: అది ఒకవైపు నుంచే కాలే వెడల్పాటి పలకకు. మూలలు గుండ్రంగా కాలిపోవడం కలిపితే 0.7.

పునాది: పూటకో అంకె చెప్తే ఎలా నమ్మాలి?

తేమకొల: పైగా మ్యోస్టోర్నెట్ పై అంతస్తుల నేలలు కాంక్రీటే. గాలికి ఊగకుండా బరువు కోసం వేశారు.

రంపం: ఆ 0.05 వదిలేయండి. అసలు చూడాల్సింది సీఎల్‌టీ పలకల (చెక్క పొరలను అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి అంటించినవి) జిగురు. వేడికి అది మెత్తబడితే బొగ్గుపొర ఊడిపడి, కాలని చెక్క బయటపడుతుంది. మళ్లీ 25 మి.మీ. బొగ్గు పట్టేదాకా లెక్కలో కాలే వేగం రెట్టింపు వేసుకోవాలి. తగ్గుతున్న మంట తిరిగి రాజుకునేది అక్కడే.

పునాది: ఏది అడిగినా నిప్పు లెక్కే! పోయిన వారం తడి గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. స్నానాలగది కింద పలక ఏళ్ల తరబడి లోపల కుళ్లినా పైకి తెలియదు. నా గొడవంతా అదే.

దారువు: అది ముందే అనాల్సింది. మీ భయం న్యాయమే. తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజు పట్టి కుళ్లుతుంది. నీళ్లు ఎక్కువ పీల్చేది కోసిన కొనలే, అందుకే వాటికి ఫ్యాక్టరీలోనే పూత వేయించాలి. కీళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. 600 మి.మీ. లోతు దూలంలో తేమ 18 శాతం నుంచి 12కి దిగితే లోతు సుమారు 9 మి.మీ. తగ్గుతుంది. పైనా కిందా బోల్టులు ఒకే ఇనుప పలకకు బిగించేస్తే, చెక్క కుంచించుకోలేక నార వెంట చీలుతుంది. ఆ ఇనుప పలకలో రంధ్రాలు నిలువుగా సాగదీసి చేయించండి.

పునాది: కీలు సరే. నేల మూసేశాక ఆ తేమ ఎవరు కొలుస్తారు?

తేమకొల: మూసే ముందే పైపుల పక్కన తేమ సెన్సార్లు పెట్టాలి, కింద కప్పులో తెరిచి చూసే మూత వదలాలి. ఆ రెండూ నక్షాలో లేకపోతే పునాది గారి మాటే నా మాట.